పట్టు మీద పసుపు

నా కొట్టుకి వచ్చేవాళ్ళు ముందుగా అడిగేది నురగ గురించి. "ఈ పొడి నురగ బాగా వస్తుందా?" అంటారు. వస్తుంది, కానీ మురికిని వదిలించేది నురగ కాదు అని ఏళ్ళ తరబడి చెబుతున్నాను. ఒక్కరూ చెవిన వేసుకోరు. పైగా నేనేదో నాసిరకం సరుకు అంటగట్టబోతున్నట్టు అనుమానంగా చూసి, పక్కనున్న రంగురంగుల ప్యాకెట్టు పట్టుకుపోతారు. నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. చిల్లర చేతిలో పెట్టి ఊరుకుంటాను గానీ, ఆ పూటంతా వాళ్ళ బట్టలని తలుచుకుని జాలిపడుతూనే ఉంటాను.

రంగూన్‌లోని పజుండౌంగ్ పేటలో, కాలవకి దగ్గరగా ఉన్న ఒక సందులో, ఇరుకు మెట్ల భవనం కింద మా సబ్బుల కొట్టు. ఇల్లు పైన నాలుగో అంతస్తులో. కొట్టు పెట్టింది మా మామగారు. ఇప్పుడాయన పొద్దున్న లేస్తే టీ అంగట్లో ఉంటారు, కొట్టు నాకొదిలేశారు. ఆయన రోజుల్లో సరుకంటే పసుపుపచ్చ బార్ సబ్బు, చాకలి సోడా, నీలిమందు, అంతే. ఇప్పుడు థాయ్ సరిహద్దు దాటి వచ్చే డబ్బాలు, చైనా ప్యాకెట్లు, ఊళ్ళోనే డ్రముల్లో కలిపి సీసాలకి పట్టే లిక్విడ్లు, బట్టలకి మల్లెపూల వాసన పట్టించే కండిషనర్లు. ఒక వారం దొరికింది ఇంకో వారం దొరకదు. దొరికిన దానితో సరిగ్గా ఉతుక్కోవడమే తెలివి.

ఇంట్లో మాత్రం నాదే రాజ్యం. అన్ని బట్టలూ ఒకే బకెట్టులో నానబెట్టడం మా ఇంట్లో నేరం. మా ఆయన తన్లిన్ వంతెన అవతల రేవులో పనిచేస్తాడు. ఆయన చొక్కాలకి గ్రీజు ఉంటుంది, కిళ్ళీ మరకలూ ఉంటాయి. గ్రీజుకి ముందు గిన్నెలు తోమే లిక్విడ్ రాసి కాసేపు వదిలేయాలి. కిళ్ళీ మరకకి చల్లనీళ్ళు, ఆ తర్వాత నిమ్మరసం. వేడినీళ్ళు తగిలాయంటే ఆ మరక చొక్కాతోనే కాటికి పోతుంది. మా అమ్మాయి జాకెట్ల మెడల దగ్గర తనకా అంటుకుని ఉంటుంది. చెట్టు బెరడు అరగదీసి ముఖానికి రాసుకునే ఆ గంధాన్ని తడపకుండా, ఎండనిచ్చి, బ్రష్షుతో దులపాలి. కొత్త ముదురురంగు లుంగీలని ఉప్పునీళ్ళలో విడిగా ముంచాలి. తువ్వాళ్ళకి కండిషనర్ పోస్తే వాసన బాగుంటుంది కానీ తడి పీల్చుకోవు. వానాకాలంలో బట్టలు ముక్కవాసన వేస్తుంటే ఆఖరి నీళ్ళలో కాస్త వెనిగర్ చాలు. ఇవన్నీ చేత్తోనే చేస్తాను. వాషింగ్ మెషీన్ ఉంది కానీ, కరెంటు వంతుల మీద వస్తుంది, అది వచ్చినప్పుడు పంపు వేసుకుని నీళ్ళు పట్టుకోవడానికే సరిపోతుంది. మెషీన్ మీద ఉల్లిపాయల బుట్ట పెట్టుకున్నాం.

ఇంత తెలిసిన నా చేతికి ఒక పట్టుబట్ట వచ్చి, నన్ను ఏడిపించిన సంగతి చెబుతాను.

మా అమ్మాయి ఒక బర్మా అబ్బాయిని ఇష్టపడింది. మంచి కుర్రాడు, నెమ్మదస్తుడు. వాళ్ళు బౌద్ధులు. ఎవరికీ పేచీ లేదు. మా వీధిలో ఇలాంటి పెళ్ళిళ్ళు కొత్తా కాదు. వాసో పౌర్ణమి, మన ఆషాఢ పౌర్ణమే, దాటితే మూడు నెలలు వాళ్ళు పెళ్ళిళ్ళు చేయరు కాబట్టి, ఆ లోపలే ముహూర్తం కుదిరింది. అంటే నడి వానల్లో. హోటల్ హాల్లో, వాళ్ళ పద్ధతిలో, ఒక్క పూటలో అయిపోయేలా. మా అమ్మాయి ఒకటే షరతు పెట్టింది. "మన తతంగాలేవీ వద్దమ్మా. ఆఫీసువాళ్ళంతా వస్తారు. ప్రతిదానికీ ఇదేంటి అదేంటి అని అడుగుతారు, నేను చెప్పలేను" అంది, సగం బర్మీస్‌లో, సగం తెలుగులో. దానికి తెలుగు అంతా అర్థమవుతుంది. మాట్లాడమంటేనే తడుముకుంటుంది. నేను సరేనన్నాను. మా అత్త "మీ ఇష్టం" అంది. అత్త "మీ ఇష్టం" అందంటే అది ఆమె ఇష్టం కాదని అర్థం. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఎవరం తవ్వలేదు.

పెళ్ళికి పది పన్నెండు రోజులుందనగా వియ్యపురాలు మా ఇంటికి వచ్చింది. ఆమెకి ఇద్దరూ కొడుకులే. సంచీలోంచి తెల్ల కాగితాల్లో చుట్టిన మడత ఒకటి తీసి, రెండు చేతులా పట్టుకుని మా అమ్మాయికి అందించింది. విప్పితే లేత గులాబీరంగు అచెయ్ పట్టు. అమరపుర మగ్గాల మీద, సన్నగీతలు అలలు అలలుగా మెలికలు తిరుగుతూ పోయేలా నేస్తారే, అది. ఆడవాళ్ళు కట్టుకునే లుంగీ, ఇక్కడ థమేన్ అంటారు. గొట్టంలా కుట్టేసి, నడుం దగ్గర నల్ల నూలుగుడ్డ పట్టీ వేసి ఉంది. "నా పెళ్ళికి మా అమ్మ నేయించింది. ఒక్కసారే కట్టాను. ఇన్నేళ్ళలో ఎవరడిగినా ఇవ్వలేదు" అంది. మా అమ్మాయి కళ్ళలో నీళ్ళు. ఆమె వెళుతూ వెళుతూ, శుక్రవారం మళ్ళీ వస్తానని, నడుం కొలత చూసి తన దగ్గరుండే దర్జీకి ఇస్తానని చెప్పింది.

నేను ఆ బట్టని బీరువాలో పై అరలో పెట్టాను. సబ్బులమ్ముకునే దాన్ని కదా, చూడగానే నాకు తట్టింది ఒకటే: ఈ బట్ట మీద నీటిచుక్క పడకూడదు.

సోమవారం సాయంత్రం కొట్టు కట్టేసి పైకెళ్ళాను. అత్త వంటగది గడప దగ్గర పీట మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఆ థమేన్. కింది అంచు తడిసి ఉంది. పక్కన పసుపు గిన్నె, పసుపుపచ్చ బార్ సబ్బు. అంచు మీద, సరిగ్గా ముందువైపు వచ్చే చోట, నిమ్మకాయంత మేర ఎర్రగా మరక. దాని పక్కన ఇంకొకటి, కాస్త చిన్నది. ఆ పక్కన ఇంకా చిన్నది.

చెప్పులు కూడా విప్పకుండా దగ్గరికెళ్ళాను.

"ఏటి సేసినావత్తా!"

"నానేటి సేసినానే? పసుపెట్టినాను. పసుపెట్టకండా పెళ్ళిగుడ్డ ఎలా కట్టుకుంటాది పిల్ల?"

కొత్త బట్ట ఏదైనా ఒంటికి తగిలే ముందు దాని కొసకి పసుపు పెట్టాలి. మా ఇళ్ళల్లో అది అన్నం తినేముందు చెయ్యి కడుక్కోవడం లాంటిది. ఎందుకని ఎవరూ అడగరు. నా పెళ్ళి చీరకీ పెట్టారు, మా అమ్మాయి బళ్ళోకి కట్టుకెళ్ళిన పచ్చలుంగీకీ, గుడ్డ కుట్టించకముందే, పెట్టారు. కానీ ఎప్పుడూ కొసకే పెడతారు, కట్టుకుంటే లోపలికి పోతుంది.

"పెడితే పెట్టావు. ముందుకొచ్చే అంచు మీదా పెడతారు?"

"సీరకైతే సెంగుంటాది. దీనికి కొస ఏదీ? గొట్టంలాగున్నాది. తిప్పితిప్పి సూసినాను. ఎక్కడా కొస దొరకలేదు. కిందన పెట్టినాను."

పైనున్న నల్లపట్టీకి పెట్టి ఉంటే ఏ పేచీ ఉండేది కాదు. నలుపులో కలిసిపోయేది, జాకెట్టు కింద దాగిపోయేది. అత్తకి అది బట్టలో భాగంలా కనబడలేదు, అతుకేసిన నూలుముక్కలా కనబడింది. అతుకుకి పసుపెవరు పెడతారు? పైగా పసుపు పల్చగా కలిపింది. ఆ ముసురులో అది ఆరలేదు. ఆరకముందే మడతపెట్టింది. ఒక్క చుక్క మడతల్లో అచ్చు పడి మూడైంది. అది చూసి కంగారుపడి, బార్ సబ్బు తడిపి రుద్దింది. సబ్బు తగలగానే పసుపు ఎర్రబడింది.

"పారాణిలా ఉన్నాది సూడు. శుభమేనే" అంది అత్త, కానీ గొంతులో ధైర్యం లేదు.

పారాణే అది. పసుపులో సున్నం కలిపితే ఎరుపెక్కుతుంది, దాన్నే పెళ్ళికూతురి కాళ్ళకి రాస్తాం. బార్ సబ్బులో ఉండే క్షారానికీ పసుపు అలాగే ఎర్రబడుతుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ ఆ క్షణంలో నా నోట వచ్చిన మాటలు ఇక్కడ రాయను. ఒక్కటి మాత్రం చెబుతాను, "ఆవిడకి నేను మొహం ఎలా చూపించాలి" అని గట్టిగా ఏడ్చేశాను. శుక్రవారం ఆమె వస్తుంది. ఇన్నేళ్ళు ఎవరికీ ఇవ్వని బట్ట మా ఇంటికి ఇచ్చింది. మా చేతిలో వారం కూడా క్షేమంగా ఉండలేదు. మా అమ్మాయి ఆ ఇంట్లో అడుగుపెట్టేది ఈ మరకతోనేనా అని నా బాధ.

అత్త సబ్బుని పీట కిందకి తోసేసింది. పీట మీంచి మాత్రం లేవలేదు.

ఏడుపయ్యాక బుర్ర పనిచేసింది. వాడకూడనివి ముందు దూరంగా పెట్టాను. బ్లీచింగు పోస్తే పట్టు దారం పుచ్చిపోతుంది. మరకలు కొరికేస్తాయని చెప్పే ఖరీదైన పొడులు కోడిగుడ్డు మరకనీ, నెత్తురు మరకనీ ఎలా తింటాయో పట్టునీ అలాగే తింటాయి. పురుగు నోట్లోంచి వచ్చిన దారం కదా, వాటికి తేడా తెలియదు. చాకలిసోడా వేస్తే ఇంకా ఎర్రబడుతుంది. వేడినీళ్ళు పోస్తే మరక ఇక వదలదు. "శీకాయ రసం పోద్దునా? బజార్లో తలంటుకి సంచీల్లో పోసి అమ్ముతారు కదా" అంది అత్త మెల్లిగా. మాట మంచిదే, పట్టుకి శీకాయ పడుతుంది. కానీ ఆ రసం గోధుమరంగు, లేత గులాబీ మీద దాని నీడ మిగిలిపోతుంది. వద్దన్నాను. అయినా ఆమె ఆలోచిస్తోందని తెలిసి కోపం కాస్త దిగింది.

నిమ్మకాయ పిండి, వడగట్టి, రెండింతలకి మించి నీళ్ళు కలిపాను. ముందు లోపలి కుట్టు దగ్గర ఒక్క చుక్క వేసి, గులాబీ రంగు కదులుతుందేమో చూశాను. కదల్లేదు. అప్పుడు దూదితో అద్దడం మొదలుపెట్టాను, రుద్దకుండా. చూస్తుండగానే ఎరుపు వెనక్కి తగ్గి పసుపైంది. అత్త వంగి చూసి "ఓలమ్మో" అంది. తర్వాత చంటిపిల్లల షాంపూ చుక్క చల్లనీళ్ళలో వేసి, ఆ అంచొక్కటీ ముంచి, అరచేతుల మధ్య మెల్లగా నొక్కాను. నీళ్ళు పచ్చగా దిగాయి. మళ్ళీ మంచినీళ్ళు, మళ్ళీ షాంపూ. చిన్న మరకలు రెండూ పోయాయి. పెద్దది సగానికి పైగా పోయింది. మిగిలింది మాత్రం దారంలోకి దిగిపోయి కూర్చుంది. పట్టుకి రంగు వేయడానికి పసుపుని మించింది లేదు. అద్దకం వాళ్ళకిది వరం, నాకు శాపం.

ఇక మిగిలింది ఒక్కటే మందు, ఎండ. పసుపు మరకని సబ్బు వదిలించలేని చోట ఎండ తినేస్తుంది. కొట్టులో ఎంతమందికి చెప్పానో! తడిపి ఎండలో పడేయండి, డబ్బులు దండగ చేసుకోకండి అని. తీరా నాకు అవసరమైనప్పుడు రంగూన్ మీద పగలంతా వాన. పైగా ఇంకో చిక్కు. ఎండ పసుపునే కాదు, పట్టు రంగునీ తింటుంది. పదినిమిషాలు ఎక్కువ ఉంటే మరక పోయి, దాని స్థానంలో తెల్లటి మచ్చ తేలుతుంది.

అమ్మాయికి చెప్పకూడదని అత్తా నేనూ ఒప్పందం చేసుకున్నాం. అది పొద్దున్నే ఆఫీసుకి పోతే చీకటిపడే వేళకి వస్తుంది. ఆ మధ్యలోనే మా పని. విరిగిపోయిన నల్లగొడుగు ఊచలు పీకేసి, ఆ గుడ్డలో థమేన్ మొత్తం చుట్టి, మరక ఉన్న చోట మాత్రం కత్తెరతో గుండ్రంగా కంత చేశాను. వరండాలో కర్రకి కట్టాం. అత్త పీట వేసుకుని దాని పక్కనే కూర్చుంది. మా వరండాలోంచి వీధిలోకి, అందరి ఇళ్ళలాగే, ఒక తాడు వేలాడుతుంది. పాలవాడూ పేపరువాడూ దానికున్న క్లిప్పుకి సరుకు తగిలిస్తే పైకి లాక్కుంటాం. ఎండ మొహం కనబడగానే అత్త ఆ తాడుని ఊపేది. నేను కొట్టు పక్కింటామెకి అప్పజెప్పి, నాలుగంతస్తులు ఎక్కి, అంచు తడిపి, రంగు చూసి దిగేదాన్ని. దిగేలోపల వాన. అత్త లోపలికి తెచ్చేది. మళ్ళీ ఎండ, మళ్ళీ తాడు. ఒకసారి నేను మెట్ల మధ్యలో ఉండగానే తాడు ఊపింది. అంత ఎత్తు ఎక్కేసరికి మబ్బేసింది. నేను గోడకానుకుని రొప్పుతుంటే, "నీకు బలం తగ్గినాదే, గుడ్లు తిను" అంది. కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

బుధవారం మధ్యాహ్నం వాన అసలు ఆగలేదు. ఇద్దరం వరండా తలుపు దగ్గర కూర్చున్నాం. బట్ట లోపల తాడు మీద ఉంది. నాకు ఉండబట్టలేక అడిగాను.

"అత్తా, అది కొత్తది కూడా కాదు కదా. ఆవిడ కట్టుకున్నదే. పాతబట్టకి మనం పసుపు పెట్టం. దీనికెందుకు పెట్టావు?"

"పాతదనే పెట్టినానే" అంది.

అప్పుడు చెప్పింది. అత్త పుట్టింది ఈ ఊళ్ళోనే, అహ్లోన్ పేటలో. వాళ్ళ నాన్న బియ్యం మిల్లులో మూటలు మోసేవాడు. పెళ్ళికి కొత్తచీర కొనలేదు. అక్క పెళ్ళిచీరనే ఉతికి, గంజి పెట్టి, మడతేశారు. అత్త అది కట్టుకోనని మొండికేసి కూర్చుంది. అప్పుడు వాళ్ళమ్మ ఆ చీర నాలుగు కొసలకీ పసుపు పెట్టి, ఆమె ముందు పెట్టింది. "పసుపెట్టినాను, ఇంక ఇది నీ అక్కది కాదు, నీదే, కొత్తదే" అంది. అంతే, లేచి కట్టుకుందిట.

"ఆవిడ మనసు మంచిదే. కాని గుడ్డ ఇంకా ఆవిడదే కదా. పిల్లది అవాల. మంత్రాలొద్దన్నారు, తలంబ్రాలొద్దన్నారు, నాను ఊరుకున్నాను. ఇది ఒక్కటీ సెయ్యకపోతే నానెందుకిక్కడ?" అంది. అని వానవైపు చూస్తూ కూర్చుంది.

నా కోపం అక్కడికక్కడే కరిగిపోయిందని అబద్ధం చెప్పను. మరక ఇంకా అలాగే ఉంది, శుక్రవారం ఇంకా రాబోతూనే ఉంది. కానీ "మీ ఇష్టం" అన్న రోజున ఒక్కరమైనా ఆమె పక్కన కూర్చుని ఉంటే బాగుండేదనిపించింది. ఆమెకి టీ పెట్టిచ్చాను.

గురువారం దేవుడు కళ్ళు తెరిచాడు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కళ్ళు చెదిరే ఎండ. మేడల వరండాలన్నీ బట్టలతో నిండిపోయాయి, వీధంతా లుంగీలే. నేను కొట్టు తెరవనే లేదు. తడపడం, చూడడం, తడపడం. పసుపు కొద్దికొద్దిగా వెలిసిపోయింది. ఆఖరికి, తెలిసినవాళ్ళు వేలు పెట్టి చూపిస్తే తప్ప కనబడని లేతనీడగా మిగిలింది. ఆ చోట గులాబీ కూడా వెంట్రుకవాసి తగ్గింది, నాకు తెలుస్తోంది. ఇంకొక్క గంట చాలు, ఇంకొక్క గంట వద్దు. ఆ రెండిటి మధ్య కూర్చున్నాను.

శుక్రవారం ఆ ఒక్క గంటా పెడదామని మళ్ళీ వరండాలో కట్టాం. వియ్యపురాలు సాయంత్రం వస్తానంది. మధ్యాహ్నమే వచ్చేసింది. తలుపు తీసేసరికి ఎండకి పట్టిన గొడుగు మడుస్తూ నిలబడి ఉంది, నాలుగంతస్తులెక్కి ఆయాసపడుతూ. నేను ఏదో ఒకటి చెప్పి ముందుగదిలో కూర్చోబెట్టేలోపే ఆమె చూపు వరండా మీద పడింది. నల్లగొడుగు గుడ్డలో చుట్టిన మూట, మధ్యలో కంత, కంతలోంచి తన పట్టు. పక్కన పీట మీద మా అత్త.

"అది నాదేనా?" అంది బర్మీస్‌లో.

అత్తే లేచింది. అత్త ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగింది, బర్మీస్ నాకంటే బాగా వచ్చు. మొదటి నుంచి మొత్తం చెప్పింది. కొస దొరకకపోవడం, సబ్బు రుద్దడం, అక్క చీర, అన్నీ. తప్పు కోడలిది కాదు, నాది అంది. నేను మూట విప్పి, అంచు ఆమె చేతిలో పెట్టాను. "చాలావరకు పోయింది, అమా. ఇంకో గంట ఎండ తగిలితే పూర్తిగా పోతుంది" అన్నాను. అమా అంటే అక్కా అని.

ఆమె వెలుతురులోకి తిప్పి చూసింది. బొటనవేలితో ఆ చోటు తడిమింది. మడిచి, మళ్ళీ విప్పి చూసింది.

"ఇచ్చేశాను కానీ" అంది ఆఖరికి, అత్త వైపు తిరిగి, "బీరువా తెరిచినప్పుడల్లా నా బట్ట లేదే అనిపిస్తోంది. నాకే సిగ్గుగా ఉంది. పసుపు పెడితే అది నిజంగా ఆ పిల్లదైపోతుందా?"

"అయిపోతుంది" అంది అత్త.

ఆమె తల ఊపింది. సంచీలో చెయ్యి పెట్టి ఇంకో కాగితపు మడత తీసింది. మగవాళ్ళు పెళ్ళికి కట్టే పొడుగాటి పట్టు లుంగీ, అదే నేత, దంతం రంగు. "మా ఆయన పెళ్ళిది. ఇప్పుడాయన పొట్టకి ముడి అందదు. మావాడు ఇదే కట్టుకుంటానన్నాడు. దీనికీ పెట్టండి. వాడిదీ కావాలి కదా" అంది.

నాలుగు రోజులుగా గుండెల మీదున్న బండ దిగిపోయి, నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అత్త మాత్రం ఎక్కడా తగ్గలేదు. మొగపిల్లాడి బట్టకి నేను పెట్టకూడదు, తల్లే పెట్టాలి అంది. గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టింది. వియ్యపురాలు వేలు ముంచింది. నా ప్రాణం ఊరుకోక, "నీళ్ళు ఎక్కువైతే పాకుతుంది, అమా, కొంచెం గట్టిగా కలపండి" అన్నాను. కలిపింది. ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పే లోపే, కింది అంచు మీద, ముందువైపున, రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టేసింది. నా చెయ్యి నిమ్మకాయల బుట్ట వైపు దానంతటది పోయింది. వెనక్కి లాక్కున్నాను.

బొట్టు ఆరేదాకా మడతపెట్టొద్దని గట్టిగా చెప్పి, దాన్ని కుర్చీ వెనక ఆరేశాను. ముగ్గురం టీ తాగుతుండగా మా అమ్మాయి వచ్చింది. అత్తగారు వస్తుందని ఆఫీసులో అడిగి తొందరగా వచ్చిందట. చెప్పులు విప్పుతూ కుర్చీ వైపు చూసింది. దగ్గరికెళ్ళి వంగి చూసింది.

"ఇది పసుపు కదా?"

"మీ అత్తగారు పెట్టారు" అన్నాను.

"మరి నాది?" అంది. గబగబా వరండాలోకి వెళ్ళి, తన థమేన్ అంచు పట్టుకుని చుట్టూ తిప్పుకుంటూ వెతికింది. "నాదేదమ్మా? మామ్మ పెట్టలేదా?"

"పెట్టింది. నేను కడిగేశాను."

"ఎందుకు కడిగావు?" అంది తెలుగులో. తడుముకోకుండా అంది.

"నువ్వేమీ వద్దన్నావు కదా" అనబోయాను. దాని మొహం చూసి అనలేదు. అత్త నా వైపు చూసింది. గిన్నె నా ముందుకి జరిపింది. "పిల్ల తల్లివి నువ్వే కదే, నువ్వు పెట్టు" అంది.

వేలు ముంచాను. ఈసారి అత్తకి దొరకని కొస నాకు తెలుసు కదా, నడుం దగ్గరి నల్లపట్టీ తిప్పి, అక్కడ పెట్టబోయాను.

"అక్కడొద్దమ్మా" అంది మా అమ్మాయి నా మణికట్టు పట్టుకుని. "ఎవరైనా అడిగితే నేను చెప్పుకుంటాను. కనబడేలా పెట్టు."

అంచు తిప్పాను. మరక పోయిన చోటు నాకు బాగా తెలుసు. అక్కడే పెట్టాను.